గోసేవకు మూలం గ్రాససేవ

శ్రీమద్భాగవతం దశమ స్కంధంలోని గోవర్ధనోద్ధరణ ఘట్టం భక్తులందరికీ సుపరిచితమే. ఇంద్రయాగానికి సిద్ధమవుతున్న నందాదులతో బాలకృష్ణుడు, మన జీవనం గోవుల మీదను, వాటికి మేతనిచ్చే అడవుల మీదను, కొండ మీదను ఆధారపడి ఉన్నదని చెప్పి, ఆ యాగసంభారాలతోనే గోవర్ధనగిరిని పూజింపజేస్తాడు. అప్పుడు స్వామి చెప్పిన పూజావిధానంలో ఒక విశేషం గమనింపదగినది. పాయసం మొదలు పప్పు వరకు నానావిధ వంటకాలు చేయించి జనులకు పెట్టమన్నాడు. గోవులకు మాత్రం గడ్డిని ఇమ్మన్నాడు. వండిన అన్నం మనిషికి, పచ్చని గడ్డి ఆవుకు. ఈ చిన్న విభజనలో గోసేవా మర్మమంతా ఇమిడి ఉన్నది.

కాళిదాస మహాకవి రఘువంశంలో దిలీప చక్రవర్తి నందినీ ధేనువును సేవించిన తీరు కూడా ఇట్టిదే. అంతటి చక్రవర్తి ఆ గోవు వెంట అడవికి నడిచి, రుచికరమైన గడ్డిపరకలను కబళాలుగా అందించాడు, ఒళ్లు గోకాడు, ఈగలను తోలాడు. 'గ్రాసం' అంటే ముద్ద అని అర్థం. ఆ మాటే నేడు తెలుగులో 'పశుగ్రాసం'గా పశువుల మేత మొత్తానికీ పేరైనది.

ఆలయ దర్శనానికి వచ్చే భక్తులలో అనేకులు గోశాలకు కూడా వెళ్లి, తమ చేతులతో గోవుకు ఏదైనా తినిపించి వెళ్లాలని ఆశిస్తారు. మరికొందరు దాతలు గోసంరక్షణకు విరాళాలు సమర్పిస్తారు. ఇరువురి సంకల్పమూ పవిత్రమైనదే. ఆ సంకల్పం గోవుకు నిజమైన మేలుగా పరిణమించాలంటే గోవు ఏమి తింటుంది, ఎంత తింటుంది, ఆ మేత ఎక్కడి నుండి వస్తుంది, ఏ కాలంలో కరువవుతుంది అనే విషయాలు కొంత తెలిసి ఉండడం అవసరం.

గోవు ఉదరం: ప్రకృతి చేసిన ఏర్పాటు

గోవు నెమరువేసే జంతువు. దాని ఉదరంలో నాలుగు అరలు ఉంటాయి. వాటిలో మొదటిది అన్నింటికన్నా పెద్దది. ఈ పెద్దపొట్టలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్లాదిగా నివసిస్తాయి. మనిషి జీర్ణించుకోలేని గడ్డిలోని పీచును అవి పులియబెట్టి విడగొడతాయి. ఆవు తొందరగా మేసిన గడ్డిని తిరిగి నోటికి తెచ్చుకొని తీరికగా నమలడమే నెమరువేయడం. అప్పుడు ఊరే సమృద్ధియైన లాలాజలం పొట్టలోని పులుపును అదుపులో ఉంచుతుంది. గడ్డిలో పీచు ఉన్నప్పుడే నెమరు సాగుతుంది, నెమరు సాగినప్పుడే లాలాజలం ఊరుతుంది, లాలాజలం ఊరినప్పుడే సూక్ష్మజీవులు బ్రతుకుతాయి. కాబట్టి గోవుకు మేత వేయడమంటే, దాని కడుపులోని ఆ సూక్ష్మజీవరాశికి కూడా ఆహారం పెట్టడమే.

భక్తితో పెట్టినది హాని కారాదు

ఈ ఏర్పాటును తెలుసుకున్న తరువాత, పర్వదినాలలో గోశాలల వద్ద జరిగే ఒక పొరపాటు సులభంగా అర్థమవుతుంది. అన్నం, పొంగలి, బియ్యం, పిండి, బెల్లం, బాగా పండిన అరటిపండ్లు వంటివి కడుపులో అతి త్వరగా పులుస్తాయి. ఒక భక్తుడు ఒక పండు పెడితే హాని లేదు. కాని పర్వదినాన వందలాది భక్తులు ఒకే ఆవుకు తలా ఒక పండు, తలా ఒక బెల్లంముక్క, తలా ఒక అన్నపు ముద్ద పెడితే, పెద్దపొట్టలో ఆమ్లం విపరీతంగా పెరుగుతుంది. పీచును జీర్ణింపజేసే సూక్ష్మజీవులు నశిస్తాయి. ఆవు నెమరు మానుతుంది, పండ్లు కొరుకుతుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, దుర్వాసనతో పలుచగా పేడ వేస్తుంది. సకాలంలో పశువైద్యం అందకపోతే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చు. తినిపించినవారిలో ఏ ఒక్కరిదీ దోషం కాదు, అందరి భక్తీ కలిసి ఒక మూగజీవికి భారమైనది.

ప్లాస్టిక్ సంచుల విషయం మరింత దారుణం. ఆవు మనవలె రుచి చూసి ఏరుకొని తినదు, నాలుకతో చుట్టి లోపలికి లాగుకుంటుంది. పండ్లతో పాటు సంచిని, పూలదండతో పాటు దారాన్ని, ఒక్కొక్కసారి తీగముక్కను, మేకును కూడా మింగుతుంది. ప్లాస్టిక్ జీర్ణం కాక పెద్దపొట్టలో ముద్దగా పేరుకుంటుంది. మేకులు, తీగలు రెండవ అరలో చేరి, దానికి సమీపంలోనే ఉన్న గుండెను గుచ్చే ప్రమాదం ఉన్నది.

అందుచేత గోశాలలో సిబ్బంది ఇచ్చిన గడ్డినే, వారు చూపిన గోవుకే తినిపించడం ఉత్తమం. ఇంటి నుండి తెచ్చిన పదార్థాలను వారికి అప్పగిస్తే, అనేక గోవులకు కొద్దికొద్దిగా పంచి, దాణాలో కలిపి పెట్టగలుగుతారు.

ఒక గోవుకు ఎంత మేత?

మేతలోని నీటిని లెక్కలోనికి తీసుకోకుండా మిగిలిన సారాన్ని 'పొడి పదార్థం' అంటారు. ఒక గోవుకు రోజుకు తన శరీర బరువులో సుమారు 2 నుండి 2.5 శాతం పొడి పదార్థం అవసరం. పచ్చిమేతలో ఇది ఇంచుమించు ఐదవ వంతు మాత్రమే, మిగిలినదంతా నీరే. ఎండుగడ్డిలో దాదాపు 90 శాతం పొడి పదార్థమే.

300 కిలోల బరువున్న గోవును ఉదాహరణగా తీసుకుందాం. దానికి రోజుకు సుమారు 7.5 కిలోల పొడి పదార్థం కావాలి. 15 కిలోల పచ్చిమేత, 4 కిలోల ఎండుగడ్డి, 1 కిలో దాణా కలిపితే ఆ లెక్క సరిపోతుంది. పుంగనూరు ఆవు వంటి చిన్న జాతికి ఇందులో సగమే చాలవచ్చు. నిండుగా ఎదిగిన ఒంగోలు ఆవుకు ఇంకా ఎక్కువ కావాలి. చూడి ఆవులకు, పాలిచ్చే ఆవులకు దాణా పెంచవలసి ఉంటుంది.

పై లెక్క ప్రకారం 100 గోవులున్న గోశాలకు ఏడాదికి 146 టన్నుల ఎండుగడ్డి, సుమారు 550 టన్నుల పచ్చిమేత అవసరం. తొక్కుడులోను, తడిసీ వృథా అయ్యేదానితో కలిపితే ఎండుగడ్డి 160 టన్నుల వరకు సేకరించుకోవాలి. వేసవిలో పచ్చిమేత దొరకకపోతే ఒక్కొక్క గోవుకు ఎండుగడ్డి మరో 3 కిలోలు పెంచవలసి వస్తుంది. అటువంటి మూడు నెలలకు అదనంగా 27 టన్నులు సిద్ధంగా ఉండాలి. గోశాల నిర్వహణలో అన్నిటికన్నా పెద్ద బాధ్యత ఈ గడ్డి సమకూర్చడమే.

ఎండుగడ్డి: సేకరణ, భద్రత

తెలుగునాట ఎండుమేతలో ప్రధానమైనది వరిగడ్డి. మెట్ట ప్రాంతాలలో జొన్నచొప్ప, సజ్జచొప్ప, మొక్కజొన్న చొప్ప, వేరుశనగ తీగ, కంది, మినుము, శనగల పొట్టు కూడా లభిస్తాయి. పోషకవిలువలో జొన్నచొప్ప వరిగడ్డి కన్నా మేలు. పప్పుధాన్యాల పొట్టులో మాంసకృత్తులు మరింత ఎక్కువ.

పూర్వం కొడవళ్లతో కోసి, కుప్పలు నూర్చినప్పుడు గడ్డి అంతా రైతు ఇంటికి చేరేది. నేడు కోతయంత్రాలు వచ్చిన తరువాత గడ్డి పొలంలోనే చెదరిపోతున్నది. దానిని ఏరించడం వ్యయప్రయాసలతో కూడినది కావడంతో కొన్నిచోట్ల తగులబెడుతున్నారు. ఒకవైపు గడ్డి కాలిపోతూ ఉంటే, మరొకవైపు గోశాలలు గడ్డి కోసం ఎదురుచూడడం విచారకరం. గడ్డిని చుట్టలుగా కట్టే యంత్రాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. రైతు గడ్డిని ఇస్తే, దాత కట్టించే ఖర్చును, రవాణా ఖర్చును భరిస్తే, ఇద్దరికీ గోసేవాఫలం దక్కుతుంది.

గడ్డిని సేకరించడం ఎంత ముఖ్యమో, భద్రపరచడం అంత ముఖ్యం. తడి ఆరని గడ్డిని వామి వేస్తే లోపల వేడి పుట్టి బూజు పడుతుంది, ఒక్కొక్కప్పుడు దానంతట అదే రాజుకొని కాలిపోతుంది కూడా. కార్తీక మార్గశిరాలలో కోస్తా తీరానికి తుపానుల బెడద ఉంటుంది కనుక సార్వా గడ్డి విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. పరకను మెలిపెడితే పెళుసుగా విరగాలి, అప్పుడే అది నిల్వకు పనికివస్తుంది. వామిని మెరక నేల మీద, రాళ్లు గాని దుంగలు గాని పరచి వేయాలి. వాననీరు జారిపోయేటట్లు పైభాగాన్ని ఇంటికప్పువలె వాలుగా తీర్చాలి. పశువుల కొట్టానికి, వంటశాలకు, దీపారాధన జరిగే చోటుకు దూరంగా ఉంచాలి. అంతా ఒకే వామిగా కాక, ఎడం ఉంచి రెండు మూడు వాములుగా వేస్తే, అగ్నిప్రమాదం సంభవించినా మొత్తం నష్టపోకుండా ఉంటుంది. బూజుపట్టిన గడ్డిలో విషపదార్థాలు పుడతాయి. దానిని ఎంతటి కరువులోనైనా గోవుకు వేయరాదు, ఎరువుకుప్పకు చేర్చాలి.

వరిగడ్డిని బలవర్ధకం చేసే మార్గం

వరిగడ్డి కడుపు నింపుతుంది గాని బలాన్ని పెద్దగా ఇవ్వదు. అందులో మాంసకృత్తులు 3 నుండి 4 శాతమే. పైగా అందులోని ఆక్సలేట్లు గోవుకు సున్నపు ధాతువు అందకుండా చేస్తాయి. కేవలం వరిగడ్డితోనే పోషింపబడే గోవు క్రమంగా చిక్కిపోవడానికి, ఎదకు రాకపోవడానికి కారణం ఇదే. ఖనిజ లవణ మిశ్రమాన్ని ప్రతిదినం దాణాలో కలిపి ఇవ్వడం ఇందుకు మొదటి పరిహారం.

రెండవది యూరియాతో మాగబెట్టడం. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 నుండి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, గడ్డిని పొరలు పొరలుగా పరచి సమానంగా చల్లి, బాగా తొక్కి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. యూరియా నుండి వెలువడే అమోనియా గడ్డిని మెత్తబరచి, మాంసకృత్తులను సుమారు రెట్టింపు చేస్తుంది. తీసిన తరువాత కొంతసేపు గాలికి ఆరబెట్టి, మొదట కొద్దిగా అలవాటు చేసి, క్రమంగా పెంచాలి. ఆరు నెలల లోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా పాళ్లు పెరిగితే విషమవుతుంది గనుక పశువైద్యుల పర్యవేక్షణలోనే ఈ పని జరగాలి. ఏమీ చేయలేనిచోట, గడ్డిని యంత్రంతో చిన్నముక్కలుగా కత్తిరించి వేసినా వృథా ఎంతో తగ్గుతుంది.

పచ్చిమేత: సమతూకమే ప్రధానం

పచ్చిమేత పంటలు రెండు విధాలు. జొన్న, మొక్కజొన్న, సజ్జ, నేపియర్ గడ్డి వంటివి ధాన్యజాతి. ఇవి దిగుబడిలో మిన్న. అలసంద, పిల్లిపెసర, జనుము, లూసర్న్, స్టైలో, దశరథగడ్డి వంటివి పప్పుజాతి. ఇవి మాంసకృత్తులలో మిన్న. రెండు భాగాలు మొదటి జాతి, ఒక భాగం రెండవ జాతి కలిపి వేయడం మంచి పద్ధతి. పప్పుజాతి మేతను మాత్రమే, అందునా తడి ఆరకముందు, ఆకలిగా ఉన్న ఆవుకు కడుపునిండా పెడితే కడుపుబ్బరం వస్తుంది. ముందుగా కొంత ఎండుగడ్డి వేసి, ఆ పిమ్మట దీనిని వేయాలి.

నీటివసతి గల గోశాలలకు సంకర నేపియర్ గడ్డి గొప్ప వరం. కణుపుల ముక్కలు ఒకసారి నాటితే కొన్నేళ్ల వరకు నిలుస్తుంది. నాటిన 70, 75 రోజులకు మొదటి కోత, ఆపైన 40, 45 రోజులకొక కోత వస్తుంది. నీరు, ఎరువు చక్కగా అందితే ఏడాదికి ఎకరానికి సుమారు 100 టన్నుల గడ్డి లభిస్తుంది. అనగా 100 గోవుల పచ్చిమేతకు ఆరు ఎకరాల భూమి ఇంచుమించుగా సరిపోతుంది. గోశాలలోని పేడ, మూత్రం ఆ పొలానికే ఎరువుగా చేరితే చక్రం పూర్తవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు ముందే పొలంలోని తేమను ఆసరా చేసుకొని పిల్లిపెసర, జనుము విత్తనాలు చల్లే ఆచారం ఉన్నది. వేరే దున్నకం, నీటి ఖర్చు లేకుండా పశువుకు మేతను, నేలకు సారాన్ని సమకూర్చే ఆ సంప్రదాయం పెద్దల వ్యవసాయ జ్ఞానానికి నిదర్శనం.

ఒక హెచ్చరిక ఇక్కడ తప్పనిసరి. లేత జొన్నలోను, వానలు లేక వడలిన జొన్నలోను, కోసిన మోడు నుండి మళ్లీ వచ్చిన పిలకలలోను ఒక విషం ఉంటుంది. గ్రామాలలో దీనిని 'నాము' అంటారు. దానిని మేసిన పశువు కొద్ది నిమిషాలలోనే రొప్పుతూ నేలకూలవచ్చు. జొన్నను పూత దశ వచ్చిన తరువాతనే కోసి మేపాలి. పొలంలో పెరిగిన పచ్చని జొన్నపిలకలను కోసి భక్తితో గోశాలకు తెచ్చే రైతు సోదరులు ఈ విషయాన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

పాతరగడ్డి: వానాకాలపు పచ్చదనం వేసవికి

ఊరగాయ పెట్టి ఏడాది పొడవునా వాడుకునే ఇల్లాలి నేర్పు వంటిదే పాతరగడ్డి తయారీ. దీనినే సైలేజి అంటారు. మొక్కజొన్న కంకిలో గింజ పాలుపోసుకొని గట్టిపడుతున్న దశలో పంటను కోసి, చిన్నముక్కలుగా కత్తిరించి, గోతిలోగాని తొట్టిలోగాని పొరలుగా వేసి, గాలి మిగలకుండా ట్రాక్టరుతో తొక్కించి, మందపాటి పట్టాతో కప్పి, పైన మట్టి గాని బరువులు గాని ఉంచుతారు. గాలి లేనిచోట మేత తనంతట తాను పులిసి, ఆ పులుపే దానిని చెడిపోకుండా కాపాడుతుంది. సుమారు 45 రోజులకు సిద్ధమవుతుంది. మూత తెరవకుంటే నెలల తరబడి నిలుస్తుంది. చక్కగా తయారైన పాతరగడ్డికి పండ్ల వంటి పుల్లని సువాసన, పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ రంగు ఉంటాయి. తెరిచిన తరువాత ప్రతిదినం ఒక వైపు నుండి కొంత తీసి, వెంటనే కప్పివేయాలి. వానాకాలంలో మిగులుగా ఉన్న మేత వైశాఖ జ్యేష్ఠాలలో గోవుకు అందేది ఈ విధానం వల్లనే.

కోడె మొక్కు తీర్చుకునే భక్తులకు

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించడం, సింహాద్రి అప్పన్నకు కోడెదూడను సమర్పించడం తరతరాల సంప్రదాయాలు. దూడను సమర్పించేవారు ఒక విషయం ఆలోచించాలి. పుట్టిన తొలి నెలలలో లేగదూడకు పెద్దపొట్ట ఇంకా పని ప్రారంభించదు, తల్లిపాలే దానికి జీవాధారం. పాలు మరువని దూడను తల్లి నుండి వేరుచేసి తెస్తే, ఎదురుగా ఎంత గడ్డి ఉన్నా అది తిని బ్రతకలేదు. గడ్డి మేసి నెమరువేసే వయస్సు వచ్చిన తరువాత, ఆలయం వారు నిర్దేశించిన నియమాలను అనుసరించి సమర్పించడమే స్వామికి ప్రీతిపాత్రం. పైన చెప్పిన లెక్క ప్రకారం ఎదిగిన ఒక పశువుకు ఏడాదికి ఒకటిన్నర టన్నుల ఎండుగడ్డి, అయిదున్నర టన్నుల పచ్చిమేత కావాలి. దూడతో పాటు యథాశక్తి దాని మేతను కూడా సమర్పించినప్పుడు ఆ మొక్కు సంపూర్ణమవుతుంది.

దాతలు ఏ కాలంలో ఏమి ఇవ్వాలి?

సాధారణంగా విరాళాలు గోపాష్టమికి, కనుమకు, దాతల పుట్టినరోజులకు వస్తాయి. గోవు ఆకలి మాత్రం నిత్యమైనది. అందువలన దానాన్ని మేత కాలానికి అనుసంధానించడం మేలు.

కార్తీకం నుండి పుష్యం వరకు సార్వా కోతల కాలం. గడ్డి విరివిగా, చౌకగా లభిస్తుంది. ఈ నెలలలో ఇచ్చిన రూపాయి వేసవిలో ఇచ్చిన రూపాయి కన్నా ఎక్కువ గడ్డిని తెస్తుంది. చైత్ర వైశాఖాలలో దాళ్వా గడ్డి వస్తుంది. ఎండలు తీవ్రంగా ఉండడం వల్ల చక్కగా ఆరి, నిల్వకు అనుకూలంగా ఉంటుంది. ఆషాఢ శ్రావణాలు పచ్చిమేత విత్తనాలకు, నాట్లకు, పాతరగడ్డి పంటకు తగిన సమయం.

ధనరూపంలోనే కాక ఇతర విధాలుగా కూడా సేవ చేయవచ్చు. గడ్డి కత్తిరించే యంత్రం, గడ్డి నిల్వకు కప్పు, పాతర తొట్టి, ఖనిజ లవణ మిశ్రమం, మేత పొలానికి బోరు వంటివి ఏళ్ల తరబడి ఫలమిస్తాయి. గడ్డిని ఇవ్వదలచిన రైతులు అది ఆరినదేనా, ఇటీవల పురుగుమందు చల్లినది కాదా అని చూసుకొని పంపాలి. వీలైనంతవరకు ముందుగా గోశాలకు తెలియజేస్తే, దింపుకోవడానికి, వామి వేయడానికి తగిన ఏర్పాటు జరుగుతుంది.

యాత్రికులకు విన్నపం ఒక్కటే. గోవును దర్శించి, ప్రదక్షిణ చేసి, గోశాలవారు అందించిన ఒక పిడికెడు గడ్డిని భక్తితో దాని నోటికి అందించండి. ఆకలి వేళకు అందిన ఆ గడ్డినే గోమాత నెమరువేసి పాలుగా, పేడగా, సేద్యానికి బలంగా మనకు తిరిగి ఇస్తుంది. గోవర్ధనగిరిని చిటికెనవ్రేలిపై ధరించి గోగణాన్ని కాపాడిన గోపాలుడు, గడ్డిపరకతో గోవును కాపాడే ప్రతి భక్తునీ చల్లగా కాపాడుగాక!

లోకాః సమస్తాః సుఖినో భవంతు.